పాత సూపర్‌మార్కెట్‌కు కొత్త హంగులు: విడి సరుకుల కౌంటర్ లేని దుకాణం

వనస్థలిపురంలో నేను ఏళ్ల తరబడి నెల సరుకులు తెచ్చుకుంటున్న సూపర్‌మార్కెట్‌ను వేసవిలో మూసివేసి, లోపలి అమరికనంతా మార్చి, దసరాకు ముందు మళ్లీ తెరిచారు. వెలుతురు, గాలి, శుభ్రత, బిల్లు అయ్యే వేగం, వీటిలో దేన్ని తీసుకున్నా పాత దుకాణం కంటే కొత్తది నిస్సందేహంగా మెరుగు. కానీ రోజూ వంట చేసుకునే ఇంటికి సరుకులు ఎంచి తెచ్చుకునే చోటుగా చూస్తే, దానికి ఇన్నాళ్లూ పేరు తెచ్చిన గుణమే ఈ మార్పులో పోయింది. దుకాణం పేరు ఇక్కడ రాయడం లేదు. చాలా ఊళ్లలో పాతబడిన సూపర్‌మార్కెట్లు దాదాపు ఇదే నమూనాలో రూపు మార్చుకుంటున్నాయి కాబట్టి, పేరు కంటే ఏం మారిందన్నదే చదివేవారికి ఎక్కువ ఉపయోగపడుతుంది.

వనస్థలిపురం, ఎన్జీవోస్ కాలనీ ప్రాంతాల్లో ఉద్యోగుల కుటుంబాలు, పింఛనుదారుల కుటుంబాలు ఎక్కువ. ఇలాంటి చోట సరుకుల వ్యాపారం నెల మొదటి వారంలో ఉరవడిగా సాగి, నెలాఖరుకు పావుకిలోలకూ వంద గ్రాములకూ దిగుతుంది. పాత దుకాణం ఈ లయను బాగా పట్టుకుంది. ఒకటో తారీఖు నుంచి వారంపాటు బియ్యం బస్తాలు, నూనె డబ్బాలు ద్వారం పక్కనే పేర్చి ఉండేవి. ఇరవయ్యో తారీఖు దాటాక అదే స్థలంలో చిన్న పొట్లాలు, వారానికి సరిపడే సరుకులు కనిపించేవి. ఇది ఎవరో గీసిచ్చిన పటం ప్రకారం జరిగిన ఏర్పాటు కాదు. కాలనీ ఖర్చు ఎప్పుడు ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు సర్దిన సర్దుబాటు.

హైదరాబాద్‌కు సూపర్‌మార్కెట్ కొత్త కాదు. త్రినేత్ర 1986లో ఇక్కడే పుట్టింది. 2007లో ఆదిత్య బిర్లా సంస్థ చేతికి వెళ్లాక ఆ దుకాణాలు క్రమంగా మోర్ పేరులోకి మారాయి. రత్నదీప్ దుకాణాలు మొదలైనదీ త్రినేత్ర పుట్టిన రోజుల్లోనే, 1987లో. 2001లో ముషీరాబాద్‌లో ఆర్పీజీ సంస్థ జెయింట్ పేరుతో హైపర్‌మార్కెట్‌ను, అదే ఏడాది అబిడ్స్‌లో, తర్వాత ఫ్యూచర్ గ్రూప్‌గా మారిన పాంటలూన్ సంస్థ బిగ్ బజార్‌ను తెరిచాయి. అంటే ఈ నగరంలో ఒక తరం మొత్తం ట్రాలీ తోసుకుంటూ సరుకులు కొనడానికి అలవాటుపడి పెరిగింది. అందుచేత మా దుకాణం పాత రూపాన్ని నేను మెచ్చుకుంటున్నది కిరాణా కొట్టు మీద బెంగతో కాదు. అది కూడా బార్‌కోడ్‌తో బిల్లు వేసే సూపర్‌మార్కెట్టే. కాకపోతే లోపల వెనుక గోడ పొడవునా ఒక విడి సరుకుల కౌంటర్ ఉండేది. దుకాణం స్వభావమంతా ఆ కౌంటర్‌లోనే ఉండేదని, అది పోయాక నాకు స్పష్టంగా తెలిసింది.

ఆ కౌంటర్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. స్టీలు తొట్లలో పప్పులు, ధాన్యాలు, చిరుధాన్యాలు, వాటి వెనుక చెక్క అరల్లో ఎండుమిర్చి, చింతపండు, బెల్లం, పసుపు కొమ్ములు, ధనియాలు, ఆవాలు, మెంతులు, వాము ఉండేవి. ప్రతి తొట్టికీ అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో తెలుగులో పేరు, కిలో ధర రాసి గుచ్చేవారు. కేవలం పేరు కాదు, సరుకు ఎక్కడిదో కూడా ఉండేది: తాండూరు కందిపప్పు, అనకాపల్లి బెల్లం, నిజామాబాద్ పసుపు, వరంగల్ చపాటా మిర్చి. కౌంటర్‌లో ఉన్న నడివయసు మనిషి మినప్పప్పు అడిగిన వెంటనే పోసేవాడు కాదు. "ఇడ్లీకా, గారెలకా అమ్మా?" అని అడిగేవాడు. ఇడ్లీకి అయితే బాగా నురుగు వచ్చే గుళ్లు పోసేవాడు, గారెలకు అయితే పొట్టుపప్పు చూపించి, రాత్రి నానబెట్టి పొద్దున పొట్టు కడిగితే రుచి వేరుగా ఉంటుందని చెప్పేవాడు. చింతపండు విషయంలోనూ అంతే. పులిహోరకు రంగు తేలిగ్గా ఉన్న కొత్త పండు, రోజువారీ పులుసుకు, చారుకు పాత పండు తీసేవాడు. సంక్రాంతి ముందు బియ్యం అడిగితే అన్నానికా, సకినాల పిండికా అని కనుక్కొని, అన్నానికి పొడిపొడిగా ఉడికే పాత బియ్యం, పిండికి కొత్త బియ్యం తూచేవాడు.

దేనికోసమని అడిగే ఆ ఒక్క ప్రశ్న వ్యాపారంలో ఎంత పని చేస్తుందో పైకి కనిపించదు. కొత్తగా కాపురం పెట్టినవాళ్లకు, ఊరు మారి వచ్చినవాళ్లకు, ఇంట్లో పెద్దవాళ్లు లేనివాళ్లకు అది పాఠంలా పనికొచ్చేది. అనుభవం ఉన్నవాళ్లకు తమ అవసరాన్ని నాణ్యంగా తీర్చుకునే అవకాశం ఇచ్చేది. ఎండుమిర్చి మీద ఒక్క రోజు నేను విన్న సంభాషణ చెబుతాను. ఆవకాయ పెట్టడానికి కారం ఆడించుకోవాలని వచ్చిన ఒకావిడ, ఘాటు మరీ ఎక్కువైతే పిల్లలు తినరని, తక్కువైతే ఇంటాయన ఒప్పుకోరని అంటే, ఆ కౌంటర్ మనిషి గుంటూరు సన్నాలకు చపాటా కలిపి తూచి, రంగు చపాటా వల్ల, కారం సన్నాల వల్ల వస్తాయని కాయలు విరిచి చూపించాడు. వరంగల్ చపాటాకు, అది ఆ ప్రాంతపు ప్రత్యేక సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు 2025లో వచ్చింది, తాండూరు కందికి 2022లోనే వచ్చింది. ఆ గుర్తింపులన్నీ ప్రభుత్వ పత్రాల్లో ఉంటే సరిపోదు, కొనే మనిషి చేతికి ఆ సరుకు ఆ పేరుతో అందే చోటు ఒకటి ఉండాలి. మా పేటలో ఆ చోటు ఈ కౌంటరే.

ఇక కొత్త దుకాణం. ముందుగా బాగున్నవాటిని బాగున్నట్టే చెప్పాలి. గతంలో ద్వారం దగ్గర మూడు మెట్లు ఉండేవి, ఇప్పుడు చక్రాల కుర్చీ కూడా సులువుగా వెళ్లేలా వాలు కట్టారు. నడవలు వెడల్పయ్యాయి, రెండు ట్రాలీలు ఎదురైతే ఒకటి వెనక్కు జరగాల్సిన అవసరం లేదు. పాల పదార్థాల విభాగం గతంలో మూతలేని ఫ్రిజ్‌లో ఉండి, ఎండాకాలం సాయంత్రాలు పెరుగు పులిసిపోయేది. ఇప్పుడు గాజు తలుపుల శీతల అల్మారాలు పెట్టారు, వాటి లోపలి ఉష్ణోగ్రత బయటికే కనిపిస్తుంది. గడువు దాటిన సరుకు అరల్లో కనపడడం లేదు. కొనేవారికి మరుగుదొడ్డి, తాగునీరు ఏర్పాటు చేశారు, ఇది పెద్దవాళ్లతో, చిన్నపిల్లలతో వచ్చేవారికి చిన్న విషయం కాదు. అత్యవసర ద్వారాలకు అడ్డంగా అట్టపెట్టెలు పేర్చే పాత దురలవాటు కూడా పోయింది. బిల్లింగ్ కౌంటర్లు పెరిగాయి, ఆదివారం సాయంత్రం కూడా వరుస త్వరగానే కదులుతోంది. వీటిలో ఏ ఒక్కదాన్నీ వెనక్కు తీసుకోమని నేను అడగను.

విడి సరుకుల కౌంటర్‌ను మాత్రం పూర్తిగా తొలగించారు. ఆ వెనుక గోడకు ఇప్పుడు విదేశీ చాక్లెట్లు, ఓట్స్, రకరకాల పాస్తాలు, పండ్ల రసాలు వచ్చాయి. పప్పులన్నీ అరకిలో, కిలో ప్యాకెట్లలో మధ్య అరల్లోకి మారాయి, వాటిలోనూ ఎక్కువ భాగం దుకాణం సొంత ముద్రతో ఉన్నాయి. ఒక వైపు నిలువు వరుసంతా ఒకే రంగు ప్యాకెట్లు. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది, కానీ ప్యాకెట్ మీద కందిపప్పు ఏ ఊరి పంటో ఉండదు. ప్యాక్ చేసిన సంస్థ చిరునామా ఉంటుంది, తేదీ ఉంటుంది, పోషక విలువల పట్టిక ఉంటుంది, పండిన నేల పేరు ఉండదు. ఎండుమిర్చిలో రెండే రకాలు మిగిలాయి. చింతపండు గింజ తీసినది, తీయనిది అనే తేడాతో దొరుకుతోంది, కొత్తదా పాతదా తెలుసుకోవడానికి ప్యాకెట్ మీద వేళ్లతో నొక్కి చూడటం తప్ప దారి లేదు. పసుపు కొమ్ములు అసలే లేవు, పొడి ఉంది.

దీనికి యాజమాన్యం దగ్గర కారణాలు ఉన్నాయి, అవి తోసిపుచ్చదగ్గవి కావు. విడి సరుకు తూచడానికి సరుకు తెలిసిన మనిషి కావాలి, అలాంటి మనిషి దొరకడం, నిలవడం రెండూ కష్టమే. తొట్లలో పోసిన పప్పుకు వానాకాలంలో పురుగు పడుతుంది, తూకంలో గ్రాములు అటూ ఇటూ అవుతాయి, ఏ సంచి ఎప్పుడు వచ్చిందో లెక్క పెట్టుకోవాలి. ప్యాకెట్‌లో అయితే ఇవన్నీ కర్మాగారం వైపే తేలిపోతాయి, దుకాణంలో మిగిలేది అరలో పెట్టడం, బార్‌కోడ్ చూపడం. ఆహార భద్రత నిబంధనల దృష్టితో చూసినా ముద్రవేసిన ప్యాకెట్‌తో తనిఖీ సులువు. ఈ సౌకర్యాలన్నీ దుకాణానివి. కొనేవారి వైపు నుంచి లెక్క వేస్తే వేరేలా వస్తుంది.

పన్ను సంగతే చూడండి. 2022 జులై 18 నుంచి ముందుగా ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం, పప్పులు, పిండ్ల మీద, 25 కిలోల వరకు ఉన్న ప్యాకెట్లకు, ఐదు శాతం జీఎస్టీ వచ్చింది. విడిగా తూచి అమ్మితే ఆ పన్ను లేదని ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ అప్పట్లోనే వివరణ ఇచ్చారు. అంటే అదే కందిపప్పును తొట్టిలోంచి తూచి ఇస్తే లేని పన్ను, దుకాణమే ప్యాకెట్‌లో పోసి ముద్ర వేసి ఇస్తే పడుతుంది. వంద రూపాయల సరుకు మీద ఐదు రూపాయలు విడిగా చూస్తే పెద్దవిగా అనిపించకపోవచ్చు, నెల సరుకుల్లో బియ్యం, పప్పులు, పిండ్లు, రవ్వలు అన్నీ కలిపి చూస్తే పింఛను మీద నడిచే ఇంట్లో అది గుర్తించదగిన మొత్తమే అవుతుంది. విడి కౌంటర్ ఎత్తివేయడమంటే కొనేవారి చేతిలోంచి ఈ వెసులుబాటును తీసేయడం కూడా. దుకాణంలో ఒక్క బోర్డు కూడా ఈ విషయం చెప్పదు.

రెండో సంగతి తూకం. గతంలో కొన్ని నిత్యావసరాలకు ప్యాకెట్ పరిమాణాలు చట్టప్రకారం నిర్ణయించి ఉండేవి. తూనికలు కొలతల నిబంధనల సవరణతో ఆ పట్టికను ఎత్తివేసి, దానికి బదులు ప్రతి ప్యాకెట్ మీదా కిలోకో లీటరుకో గ్రాముకో ఎంత పడుతుందో ముద్రించాలని చెప్పారు. ఆ మాట మంచిదే. కానీ ఇప్పుడు అరల్లో 850 గ్రాములు, 900 గ్రాములు, కిలో పక్కపక్కనే నిలబడి ఉంటాయి, ప్రమాణ ధర అక్షరాలు ప్యాకెట్ అడుగున చీమంత ఉంటాయి. పాత కౌంటర్‌లో అట్ట మీద కిలో ధర బెత్తెడు అక్షరాల్లో ఉండేది. మొన్న ఒక పెద్దాయన రెండు నూనె ప్యాకెట్లను మార్చి మార్చి కళ్లకు దగ్గరగా పెట్టుకొని, అద్దాలు పైకెత్తి చూసి, చివరకు పక్కనున్న అమ్మాయిని, "ఏది చౌకో చూసి చెప్పమ్మా" అని అడిగారు. ఆ అమ్మాయి దుకాణం ఉద్యోగి కాదు, ఒక నూనె సంస్థ తన సరుకు చూపించమని నిలబెట్టిన మనిషి. అయినా ఆమె ఓపిగ్గా ఫోన్‌లో లెక్క వేసి, తన సంస్థది కాని ప్యాకెటే చౌక అని నిజాయితీగా చెప్పింది. ఆమె మంచితనం వల్ల ఆయనకు జరిగిన మేలు, అర అంచున పెద్ద అక్షరాల్లో కిలో ధర రాసి పెట్టి ఉంటే అందరికీ జరిగేది.

మూడోది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది, తక్కువ కొనే వీలు. యాభై గ్రాముల ఇంగువ, వంద గ్రాముల గసగసాలు, పావుకిలో పెసరపప్పు ఇదివరకు ఎవరైనా మొహమాటం లేకుండా అడగగలిగేవారు. ఇప్పుడు ఏ పప్పూ అరకిలోకు తగ్గదు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు, హాస్టల్ గదుల్లో వండుకునే విద్యార్థులు, రోజు కూలీ మీద బతికే కుటుంబాలు పక్క వీధి కిరాణా కొట్టుకు వెళ్లిపోయారు. సాయంత్రం ఏడింటి వేళ దుకాణంలో కనిపించే జనాన్ని చూస్తే ఈ మార్పు కంటికి తెలుస్తుంది. గతంలో చేతిలో చిన్న సంచితో వచ్చేవారు, కార్లో వచ్చి ట్రాలీ నింపుకునేవారు ఒకే కౌంటర్ దగ్గర నిలబడేవారు. ఇప్పుడు రెండో రకం వాళ్లే ఎక్కువ. ఎవరినీ రావద్దని చెప్పలేదు, కానీ ప్యాకెట్ పరిమాణమే ఆ పని చేసింది.

సరుకుల అమరిక కూడా అదే దిశలో మారింది. లోపలికి రాగానే మొదట సౌందర్య సాధనాలు, తర్వాత బిస్కెట్లు, చిరుతిళ్లు, గృహోపకరణాలు, ఇవన్నీ దాటితేనే బియ్యం, పప్పు, నూనె. పాలు మరీ చివర. ఇది సూపర్‌మార్కెట్ వ్యాపారంలో ప్రపంచమంతటా తెలిసిన పద్ధతే, తప్పక కొనే వస్తువును దూరంగా పెడితే దారిలో మరికొన్ని బుట్టలో పడతాయి. అరల చివరి భాగాలు, కంటి ఎత్తులో ఉన్న అరలు కంపెనీలు ఎక్కువగా కోరుకునే స్థలాలు. పాత దుకాణంలోనూ ఇది కొంత ఉండేది. కానీ అప్పుడు పాల ప్యాకెట్లు బిల్లింగ్ పక్కనే ఉండి, పొద్దున్నే పాలకు వచ్చినవారు రెండు నిమిషాల్లో బయటపడేవారు. మోకాళ్ల నొప్పులతో ఉన్న మనిషిని అర లీటరు పాలకోసం దుకాణం పొడవునా నడిపించడాన్ని నేను సమర్థించలేను. పైన వేలాడదీసిన విభాగాల బోర్డులన్నీ ఆంగ్లంలో ఉన్నాయి. తెలుగు పత్రిక చదువుకుని రోజు మొదలుపెట్టే పెద్దవాళ్లు ఇంతమంది ఉన్న కాలనీలో పప్పుల అర ఎక్కడుందో తెలుగులో రాయకపోవడం శ్రద్ధ లోపం.

రూపం మెరుగుపరిచే పనిలో దుకాణం గుణం చెదిరిన సందర్భాలు పెద్ద సంస్థల చరిత్రలోనే ఉన్నాయి. అమెరికాలో వాల్‌మార్ట్ 2008, 2009 ప్రాంతంలో ప్రాజెక్ట్ ఇంపాక్ట్ పేరుతో దుకాణాలను తేటపరిచే కార్యక్రమం చేపట్టింది. నడవల మధ్య గుట్టలుగా పోసే సరుకును తీసేసింది, అరల ఎత్తు తగ్గించింది, అమ్మే వస్తువుల సంఖ్యకు కోత పెట్టింది. అడిగితే కొనుగోలుదారులు దుకాణం చక్కగా ఉందనే చెప్పారు. అమ్మకాలు మాత్రం అమెరికాలోని పాత దుకాణాల్లో రెండేళ్లకు పైగా వరుసగా తగ్గాయి. ఆర్థిక మాంద్యం ప్రభావం కూడా అందులో ఉంది, కానీ సంస్థ తన తప్పును గుర్తించి 2011 నాటికి తీసేసిన వస్తువులను వేల సంఖ్యలో మళ్లీ అరల్లోకి తెచ్చింది, నడవల్లో సరుకు గుట్టలు పోయడం తిరిగి మొదలుపెట్టింది. చక్కగా ఉందా అని అడగడం వేరు, కావలసింది దొరికిందా అని అడగడం వేరు.

మన దగ్గర ఈ తేడాను ముందే పట్టుకున్న వ్యాపారి కిశోర్ బియానీ. బిగ్ బజార్‌ను ఆయన ఉద్దేశపూర్వకంగానే కాస్త కిక్కిరిసినట్టు సర్దించారు. మన కొనుగోలుదారులు సరుకును ముట్టుకుని, వాసన చూసి, కెలికి ఎంచుకోవడానికి ఇష్టపడతారని, మరీ నిశ్శబ్దంగా, నునుపుగా ఉన్న దుకాణంలోకి అడుగుపెట్టడానికి మధ్యతరగతి జంకుతుందని ఆయన బాహాటంగానే చెప్పేవారు. ఆ సంస్థ ఆహార విభాగాల్లో బియ్యం, గోధుమలు, పప్పులు తెరిచిన తొట్లలో ఉండేవి. ఆ వ్యాపారం తర్వాత అప్పుల పాలై, 2022లో చాలా దుకాణాలు రిలయన్స్ చేతికి వెళ్లి స్మార్ట్ బజార్‌గా మారాయి. కానీ అది కూలింది అప్పుల వల్ల, పప్పు తొట్ల వల్ల కాదు. విడి సరుకు ఉంటే దుకాణం ఆధునికంగా ఉండదన్న అభిప్రాయం సరికాదనడానికి ఆ తొట్ల ముందు మూగిన జనమే సాక్ష్యం.

ఉద్యోగుల గురించి కూడా రాయాలి. కొత్త సిబ్బంది మర్యాదగా ఉన్నారు, ఒకే రంగు చొక్కాల్లో చురుగ్గా కదులుతున్నారు. కానీ వాళ్లకు సరుకు గురించి నేర్పించినట్టు కనిపించదు. ఏ మినపగుళ్లు నురుగు వస్తాయని అడిగితే, అన్నీ బాగుంటాయి మేడం అన్న జవాబే వస్తుంది. అది వాళ్ల లోపం కాదు. పాత కౌంటర్ మనిషిని గోదాము పనికి మార్చారు. ఎప్పుడైనా బయట కనిపిస్తే పాత కొనుగోలుదారులు ఆయన్ని ఆపి సలహా అడుగుతూనే ఉన్నారు. అంత పరిజ్ఞానాన్ని పెట్టెలు మోయించడానికి వాడుకోవడం ఏ వ్యాపార దృష్టితో చూసినా నష్టమే.

మరొకటి నన్ను నిజంగా బాధించింది. బిల్లింగ్ అమ్మాయిలకు ఇదివరకు ఎత్తు స్టూళ్లు ఉండేవి, కొత్త కౌంటర్లలో అవి లేవు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలబడే బిల్లులు వేస్తున్నారు. దుకాణాల్లో పనిచేసేవారికి కూర్చునే హక్కు ఉండాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు సవరించాయి. వస్త్ర దుకాణాల్లో నిలబడి నిలబడి కాళ్లవాపులు తెచ్చుకున్న మహిళా ఉద్యోగుల పోరాటం కేరళ సవరణకు ప్రేరణ. చట్టం సంగతి ఎలా ఉన్నా ఆ స్టూళ్లు తిరిగి వేయవచ్చు. రంగులకూ దీపాలకూ అయిన ఖర్చులో అది లెక్కకు రానంత స్వల్పం. ద్వారం బయట పెద్దవాళ్లు కూర్చునే సిమెంటు బల్లను కూడా పార్కింగ్ కోసం తీసేశారు. అక్కడ కూర్చుని ఆటో కోసం ఎదురుచూసేవారు ఇప్పుడు సంచులు పట్టుకుని ఎండలో నిలబడుతున్నారు.

ఇంటికి సరుకులు పంపే పద్ధతి మారిన తీరు మిశ్రమంగా ఉంది. గతంలో చిట్టీ రాసి ఇచ్చి వెళితే సాయంత్రానికి సరుకులు ఇంటికి వచ్చేవి, ఏదైనా లేకపోతే ఫోన్ చేసి బదులు ఏది పంపాలో కనుక్కునేవారు. ఇప్పుడు యాప్‌లో ఎంచుకోవాలి. యాప్ తేలికగానే ఉంది, సమయానికి వస్తున్నారు, డబ్బు లెక్క స్పష్టంగా ఉంటుంది. ఉద్యోగాలకు వెళ్లేవారికి ఇది మేలైన పద్ధతి. అయితే యాప్ వాడనివారి చిట్టీని తీసుకోవడం మానేశారు. అది అవసరం లేని కఠినత్వం. బిల్లింగ్ దగ్గర ఫోన్ నంబరు చెప్పకపోతే తగ్గింపు ఇవ్వరు, అది కూడా నాకు నచ్చలేదు. పప్పు కొనడానికి ఫోన్ నంబరుతో పని ఉండకూడదు.

కూరగాయల విభాగం గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. చల్లగా, శుభ్రంగా ఉంది, ఆకుకూరలు తాజాగా ఉంటున్నాయి. కానీ వనస్థలిపురంలో రైతు బజార్ ఉంది. 1999లో మొదలైన ఆ పథకం కింద రైతులే తెచ్చి అమ్మే కూరగాయలతో ధరలోనూ, తాజాదనంలోనూ ఈ దుకాణం పోటీపడలేదు, పోటీపడాల్సిన అవసరమూ లేదు. ధరల్లో మిగతా సరుకులు ఎలా ఉన్నాయంటే, సబ్బులు, పొడులు, బిస్కెట్లు ఎంఆర్‌పీ మీద మంచి తగ్గింపుతోనే దొరుకుతున్నాయి. పప్పులు, బియ్యం మాత్రం ముద్ర వేసుకుని కాస్త పైకి వెళ్లాయి.

కాబట్టి ఈ దుకాణానికి ఎవరు వెళ్లవచ్చు? పాలు, పెరుగు, వెన్న, సబ్బులు, శుభ్రపరిచే సామగ్రి, పిల్లల వస్తువులు, ప్యాకెట్ సరుకులు ఒకేచోట త్వరగా కొనుక్కోవాలనుకునేవారికి ఇది ఈ పరిసరాల్లో మంచి దుకాణం, నేనూ వాటికోసం వెళుతూనే ఉన్నాను. పచ్చళ్ల కాలానికి మిర్చి, ఆవాలు, మెంతులు, పండుగ పిండివంటలకు బియ్యం, నువ్వులు, బెల్లం, ఇంటికి ఏడాది కందిపప్పు ఎంచుకోవాలనుకునేవారు ప్రస్తుతానికి విడిగా తూచే కిరాణా కొట్టుకో, మలక్‌పేట గంజ్ వైపో వెళ్లడం మేలు.

యాజమాన్యానికి నా కోరిక ఒకటుంది, అది పాత దుకాణాన్ని పాత రూపంలో తిరిగి ఇమ్మని కాదు. చాక్లెట్ల గోడలో మూడో వంతు ఖాళీ చేస్తే పది తొట్లు పడతాయి. గాజు మూతలు, గాలి తగలని డబ్బాలు పెడితే పురుగు సమస్య తీరుతుంది, తూకం యంత్రాన్ని కొనేవారి వైపు తిప్పితే గొడవ ఉండదు, ప్రతి డబ్బా మీదా సరుకు వచ్చిన తేదీ, పండిన ఊరు, కిలో ధర తెలుగులో పెద్ద అక్షరాలతో రాస్తే చాలు. గోదాములో ఉన్న ఆ మనిషిని మళ్లీ కౌంటర్‌కు పిలిచి, పక్కన ఇద్దరు కొత్త పిల్లలను నేర్చుకోవడానికి నిలబెట్టాలి. ఆవకాయ కాలం ఏప్రిల్‌లో మొదలవుతుంది. ఈ ఏర్పాటు మార్చి ఆఖరుకు పూర్తయితే పేటలోని చాలా ఇళ్లు ఎండుమిర్చి, ఆవాలు, మెంతులు కొనడానికి మళ్లీ ఇక్కడికే వస్తాయి.